ఎప్కాట్‌లో స్పేస్ 220: బుకింగ్ నుంచి బిల్లు దాకా నా అనుభవం

2021 డిసెంబరు 7న, మంగళవారం మధ్యాహ్నం, ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లోని ఎప్కాట్ అనే పార్కులో, అప్పుడే కొత్తగా తెరిచిన స్పేస్ 220 రెస్టారెంట్‌లో భోంచేశాం. అంతరిక్ష కేంద్రంలో కూర్చుని కిటికీలోంచి భూమిని చూస్తూ తింటున్నట్టు తెరలతో కట్టిన చోటు అది. నేను, మా ఆవిడ, ఏడేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. అమ్మానాన్నలు గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. పెద్దవాళ్లను తీసుకుని అక్కడికి వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. అక్కడ కట్టే డబ్బులో పెద్ద వాటా కిటికీకే పోతుంది. తిండి బాగానే ఉంటుంది, కానీ తిండి కోసమే అయితే అంత పెట్టక్కర్లేదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే లంచా డిన్నరా, ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు కూర్చోవాలి అన్నవన్నీ వాటంతటవే తేలిపోతాయి.

రెస్టారెంట్ 2021 సెప్టెంబరు 20న తెరిచారు. విదేశాల నుంచి టీకాలు వేయించుకున్నవాళ్లని నవంబరు నుంచి అమెరికాలోకి రానిస్తామని ప్రభుత్వం చెప్పింది కూడా ఆ రోజే. అందుకే మా ఇంట్లో రెండు ప్లాన్లూ ఒకేసారి మొదలయ్యాయి. నవంబరు 8 నుంచి రాకపోకలు తెరిచారు, నెలాఖరుకి అమ్మానాన్నలు డాలస్‌లో దిగారు. కానీ టేబుల్ బుకింగ్ అంతకంటే ముందే చేసుకోవాలి కదా, దాని లెక్క ఇదీ.

డిస్నీ వరల్డ్‌లో ఏ రెస్టారెంటుకైనా బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిసెంబరు 7కి అది అక్టోబరు 8 అయింది. వెబ్‌సైట్‌లో తెరిచేది ఈస్టర్న్ టైం ఉదయం 6 గంటలకి. డాలస్‌లో తెల్లవారుజామున 5, కాలిఫోర్నియాలో 3. వేసవి టైం నడుస్తున్నప్పుడు ఇండియాలో మధ్యాహ్నం మూడున్నర అవుతుంది కాబట్టి, అక్కడి తమ్ముడో చెల్లెలో మెలకువగా ఉండి మీ లాగిన్‌తో ప్రయత్నిస్తే హాయి. పేరు, మొత్తం ఎంతమంది, క్రెడిట్ కార్డు ముందే అకౌంట్‌లో ఎక్కించి ఉంచాలి. స్లాట్ కనిపించాక కార్డు నంబరు కొడుతూ కూర్చుంటే అది కాస్తా పోతుంది. కార్డు నుంచి అప్పుడే డబ్బు తీసుకోరు. గడువు దాటాక రద్దు చేసినా, చెప్పకుండా మానేసినా మాత్రం మనిషికి 10 డాలర్ల చొప్పున పడుతుంది.

ఆరింటికల్లా లాగిన్ అయినా సగం స్లాట్లు లేనట్టే కనిపిస్తాయి. దీనికో కారణం ఉంది. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లు తాము చెకిన్ అయ్యే రోజుకి 60 రోజుల ముందు కూర్చుని, ఉండబోయే రోజులన్నిటికీ (పది రోజుల వరకూ) ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. అంటే డిసెంబరు 7 లంచ్‌ని, నవంబరు ఆఖర్లో దిగేవాళ్లు మనకంటే వారం పైన ముందే తీసేసుకుని ఉంటారు. బయట హోటల్లో దిగే మనకి మిగిలినవే. హోటల్లో దిగేవాళ్లకి నా సలహా: మీ ట్రిప్‌లో మొదటి రోజుకి కాకుండా చివరి రోజుల్లో దీన్ని పెట్టుకోండి. ఆ తేదీలకి పోటీ తక్కువ.

ఐదుగురికి టేబుల్ దొరకడం ఇద్దరికి, నలుగురికి దొరికినంత తేలిక కాదు. అక్టోబరు 8న మాకు దొరికింది రాత్రి 8:50 స్లాట్. ఆ టైంకి బాబు నిద్రకి జోగుతాడు, అమ్మకి అంత రాత్రి తినే అలవాటు లేదు. అయినా దాన్ని పట్టుకుని ఉంచుకుని, లంచ్ కోసం యాప్‌లో చూస్తూ వచ్చాను. అప్పట్లో ఎక్కువ స్లాట్లు ఖాళీ అయ్యేది, వెళ్లాల్సిన రోజుకి ఒకటి రెండు రోజుల ముందు. ఆ పది డాలర్ల భయంతో, ప్లాను మార్చుకున్నవాళ్లంతా అప్పుడే రద్దు చేసేవారు. 6వ తేదీ సాయంత్రం ఓర్లాండో హోటల్ గదిలో ఉండగా, మర్నాటి మధ్యాహ్నం 1:20 కనిపించింది. ముందు కొత్తది ఖాయం చేసి, ఆ తర్వాత పాతది రద్దు చేశాను. ఈ వరుస తప్పకూడదు. పాతది ముందు వదిలేస్తే, కొత్తది కార్డు పేజీ దగ్గరే చేజారిపోవచ్చు, అప్పుడు రెండూ ఉండవు. యాప్‌లో వెతికేటప్పుడు ఒక్క టైం పెట్టి చూడకుండా, అరగంట అటూ ఇటూ మార్చి చూడాలి. మొత్తం లంచ్ అని కొట్టినప్పుడు రానిది, పన్నెండున్నర అని విడిగా కొడితే వస్తూ ఉంటుంది.

బుకింగ్ అసలే దొరకనివాళ్లకి లాంజ్ ఉంది. అదే హాలు, అదే కిటికీ, కాస్త ఎత్తున ఒక పక్కగా. దానికి 2021లో ముందస్తు బుకింగ్ ఉండేది కాదు. అప్పట్లో వెళ్లి పేరు రాయించుకోవడమే. చిన్న ప్లేట్లు, డ్రింకులు విడివిడిగా కొనుక్కోవచ్చు, మొత్తం భోజనం తీసుకోవాలన్న నిబంధన లేదు. ఇద్దరే వెళ్తుంటే, ఆకలి పెద్దగా లేకపోతే నేను లాంజే మేలంటాను. అప్పట్లో దానికోసం పార్కు తెరవగానే మిగతావన్నీ వదిలి నేరుగా అక్కడికే నడవాల్సి వచ్చేది. పెద్దవాళ్లతో ఆ ఎదురుచూపు కష్టం.

చాలామంది దెబ్బతినేది ఇంకో చోట. రెస్టారెంట్ బుకింగ్ ఉన్నంత మాత్రాన పార్కులోకి రానివ్వరు. ఎప్కాట్ టికెట్టు వేరు, పైగా 2021లో ఆ రోజుకి ఎప్కాట్‌లో పార్క్ రిజర్వేషన్ కూడా ఉండాల్సి వచ్చేది. ఉదయం మ్యాజిక్ కింగ్‌డమ్ అనే ఇంకో డిస్నీ పార్కుకి రిజర్వేషన్ పెట్టుకుని, పార్క్ హాపర్‌తో (ఒకే రోజు ఒకటికి మించి పార్కులు తిరగనిచ్చే టికెట్టు) మధ్యాహ్నం ఎప్కాట్‌కి వద్దామనుకుంటే, అప్పట్లో రెండో పార్కులోకి మధ్యాహ్నం రెండింటి తర్వాతే పంపేవారు. లంచ్ ఒంటిగంటకి ఉంటే గేటు దగ్గరే ఆగిపోయేవారు. హాపర్ వాళ్లు రెండున్నర తర్వాతి స్లాటే చూసుకోవాల్సి వచ్చేది, లేదా ఆ రోజు ఎప్కాట్‌తోనే మొదలుపెట్టాల్సి వచ్చేది. ఒక్కరోజు టికెట్టు 2021లో 109 డాలర్ల నుంచి మొదలయ్యేది, రోజుని బట్టి ఇంకా పెరిగేది. కేవలం ఈ భోజనం కోసం టికెట్టు కొనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. ఎలాగూ ఎప్కాట్‌కి వెళ్లే రోజు ఉంటే, అందులో దీన్ని కలుపుకోవాలి.

7వ తేదీ. కారు పార్కింగ్‌కి ఆ రోజు 25 డాలర్లు అయింది. ఇంట్లో చేసిన తిండి పార్కులోకి తీసుకెళ్లనిస్తారు, గాజు డబ్బాలు మాత్రం వద్దంటారు. అమ్మ పొద్దున్న పదింటికే పులిహోర పెట్టింది. దానివల్ల ఒంటిగంటన్నర దాకా ఎవరికీ నీరసం రాలేదు. ఇది చిన్న విషయమే, కానీ షుగరున్న పెద్దవాళ్లుంటే తప్పకుండా చేయాల్సిన పని. బుకింగ్‌లో ఉన్న టైం అంటే ప్లేటు ముందుకొచ్చే టైం కాదు కాబట్టి, దానికి గంట కలిపి లెక్క వేసుకోవాలి. మందులు భోజనానికి అరగంట ముందు వేసుకునేవాళ్లు టేబుల్ దగ్గర కూర్చున్నాక వేసుకోవడం క్షేమం.

గేటు దాటగానే ఎదురుగా ఆ పెద్ద గోళం, స్పేస్‌షిప్ ఎర్త్. దాని వెనక నడిమి భాగమంతా అప్పుడు నిర్మాణం జరుగుతుండేది, అడ్డంగా గోడలు కట్టేశారు. గోళానికి ఎడమ పక్కగా వెళ్లాలి. మిషన్ స్పేస్ అనే రైడ్ భవనం పక్కనే స్పేస్ 220 గుమ్మం. బోర్డు పెద్దదేం కాదు. మిషన్ స్పేస్ ముందున్న పెద్ద గ్రహాల బొమ్మలని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. పెద్దవాళ్ల నడకకి గేటు నుంచి పావుగంట అనుకోండి.

1:05కి ఫోన్లో డిస్నీ యాప్ నుంచే చెకిన్ చేశాను. దీనికి లొకేషన్ ఆన్ చేసి ఉండాలి. మనం దగ్గర్లో ఉన్నామని దానికి తెలిస్తేనే చెకిన్ బటన్ పనిచేస్తుంది. టేబుల్ సిద్ధం కాగానే మెసేజ్ వస్తుంది. ఇండియా సిమ్‌తో వచ్చేవాళ్లు అమెరికా నంబరున్న మనిషి ఫోన్ నుంచే బుక్ చేయడం నయం. చెకిన్ అయ్యేటప్పుడు గుమ్మం దగ్గరున్నవాళ్లకి రెండు మాటలు చెప్పాను: నాన్నకి మెట్లు కష్టం, కుదిరితే కిటికీ దగ్గర టేబుల్ కావాలి. కిటికీ టేబుల్ అడిగితే ఇంకాస్త ఆగాలన్నారు. సరే అన్నాను. 1:35కి మెసేజ్ వచ్చింది.

అప్పట్లో లోపల మాస్కు తప్పనిసరి, రెండేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ. బయట ఎండ, లోపల ఏసీ. ఆ తేడాకి మాస్కులోంచి వచ్చే ఊపిరి నాన్న కళ్లజోడుని మూసేసింది. అసలు చూడాల్సింది వచ్చేది సరిగ్గా అప్పుడే. కళ్లజోడున్నవాళ్లు మాస్కు పెట్టుకుంటే, ముక్కు దగ్గర దాన్ని గట్టిగా నొక్కి పెట్టుకుని లోపలికి వెళ్లండి.

ఇక స్టెల్లర్‌వేటర్. అంతరిక్ష కేంద్రానికి మనల్ని తీసుకెళ్లే లిఫ్ట్ అన్నమాట. గుండ్రటి గది, నేల మధ్యలో ఒక గుండ్రటి కిటికీ, తల మీద ఇంకొకటి. తలుపులు మూసుకుంటాయి, సన్నగా గుర్రుమనే శబ్దం, కాళ్ల కింద చిన్న వణుకు. నేల కిటికీలో ఎప్కాట్ గోళం కనిపిస్తుంది. అది గోళీకాయంత అయిపోతుంది, దాని చుట్టూ పచ్చదనం, చెరువులు, ఆ తర్వాత ఫ్లోరిడా రెండు పక్కలా సముద్రంతో తేలుతుంది, ఆ పైన మబ్బులు, భూమి వంపు. తల మీది కిటికీలో అంతరిక్ష కేంద్రం దగ్గరవుతూ ఉంటుంది. పైదీ కిందదీ ఒకేసారి చూడలేం. అందుకే వెళ్లేటప్పుడు కింద చూసి, తిరిగి వచ్చేటప్పుడు పైన చూడండి. నాన్న నేల కిటికీ అంచు మీద కాలు పెట్టకుండా గోడకి ఆనుకుని నిలబడి, “ఇది నిజంగానే పైకి పోతోందిరా?” అని అడిగారు. పోదు. గది ఉన్నచోటే ఉంటుంది, కదిలేది తెరలే. ఎత్తంటే భయమున్నవాళ్లకి, తల తిరిగేవాళ్లకి ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి. వాళ్లు గోడ వైపు చూస్తూ నిలబడితే ఏ ఇబ్బందీ లేదు. వీల్‌చైర్ దర్జాగా పడుతుంది.

ఇదంతా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. వీడియో తీద్దామని మనవాళ్లంతా ఫోన్లు పైకెత్తుతారు. ఒక్కరే తీయండి, మిగతావాళ్లు కళ్లతో చూడండి. చిన్నపిల్లలు పెద్దల కాళ్ల మధ్య ఇరుక్కుపోతారు కాబట్టి వాళ్లని కిటికీ అంచుకి ముందే జరిపి నిలబెట్టాలి. మా బాబు నేల మీద బోర్లా పడుకుని మరీ చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు.

తలుపులు రెండో వైపు తెరుచుకుంటాయి. నడవలో పెద్ద చక్రంలా తిరిగే తోట ఒకటి కనిపిస్తుంది, అంతరిక్షంలో కూరగాయలు పండించే చోటని దాని భావం. అక్కడ ఫొటోకి ఆగనివ్వరు, వరుస నడుస్తూనే ఉంటుంది.

ఆ మలుపు తిరిగాక హాలు. నేను ఫొటోలు చాలా చూసి వెళ్లాను, అయినా ఒక్కసారి ఆగిపోయాను. గోడ పొడవునా వంపు తిరిగిన కిటికీలు, వాటి నిండా భూమి. హాలు చీకటిగా ఉంటుంది, వెలుగంతా ఆ నీలం నుంచే వస్తున్నట్టు ఉంటుంది. అమ్మ కుర్చీలో కూర్చునే ముందు, గుళ్లో నిలబడ్డట్టు ఓ క్షణం నిలబడిపోయింది. పెట్టిన డబ్బంతా ఆ క్షణానికే అని నాకు అప్పుడనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.

టేబుళ్లు మెట్లు మెట్లుగా అమర్చారు. వెనక వరుస కొంచెం ఎత్తులో ఉండటం వల్ల అక్కడి నుంచీ బాగానే కనిపిస్తుంది. నిజంగా తేడా వచ్చేది ముందు వెనకల వల్ల కాదు, పక్కల వల్ల. చివర్లో కూర్చుంటే కిటికీ ఏటవాలుగా పడుతుంది. కాబట్టి అడిగేటప్పుడు కిటికీ పక్కనే అని పట్టుబట్టకుండా, “మధ్యలో ఎక్కడైనా సరే” అంటే త్వరగా దొరుకుతుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చునే కుర్చీ ప్రతి టేబుల్‌కీ ఒకటి ఉంటుంది, అందులో మీరు కూర్చోండి. పెద్దవాళ్లకీ పిల్లలకీ ఎదురు కుర్చీలు వదిలేయండి.

కిటికీలో వ్యోమగాములు తేలుతూ పోతుంటారు, చిన్న నౌకలు వచ్చి వెళ్తుంటాయి. పగటి భూమి, రాత్రి భూమి రెండు దృశ్యాలూ ఉన్నాయి. మేము చూసింది పగటిది. పేరులోని 220 అంటే 220 మైళ్లు, 354 కిలోమీటర్లు. అసలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది కాబట్టి, లెక్క దగ్గర్లోనే ఉంది. ఆ ఎత్తు నుంచి దిగంతం రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. హైదరాబాద్ మీద నిలబడితే ఇటు ఢిల్లీ, అటు శ్రీలంక ఒకే చూపులో పడతాయని బాబుకి చెబితే, నాన్న కూడా ఫోర్కు పక్కన పెట్టి విన్నారు. మన తెలుగమ్మాయి బండ్ల శిరీష ఆ ఏడాది జులై 11న అంతరిక్ష యాత్రలో వెళ్లొచ్చింది ఎంత ఎత్తుకి అని ఆయనే అడిగారు. దాదాపు 86 కిలోమీటర్లు. దానికి ఇది నాలుగింతలు. ఒకటి మాత్రం కల్పన: ఆ ఎత్తులో ఉన్నదేదీ ఒక ఊరి మీద ఆగి ఉండదు, గంటన్నరకో చుట్టు తిరుగుతూనే ఉండాలి. ఒకే చోట నిలిచినట్టు కనిపించాలంటే 35,786 కిలోమీటర్లు పైకి పోవాలి. పిల్లలకి ఇలాంటివి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు, రెండు ముక్కలు చదువుకుని వెళ్లండి.

ఇప్పుడు తిండి. మాకు మెనూ కాగితం ఇవ్వలేదు, టేబుల్ మీద క్యూఆర్ కోడ్ ఉంది. ఆ చీకట్లో చిన్న అక్షరాలు పెద్దవాళ్లు చదవలేరు. ముందురోజే వెబ్‌సైట్‌లో మెనూ చూసి ఎవరికి ఏమిటో తేల్చుకుని వెళ్లడం మంచిది. 2021లో లంచ్ అంటే రెండు కోర్సులు, ఒక స్టార్టర్, ఒక మెయిన్: పెద్దవాళ్లకి 55 డాలర్లు ఉండేది. డిన్నర్‌లో డెజర్ట్ కూడా కలిసేది: 79 డాలర్లు. మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి అప్పట్లో 29. ఒక ప్లేటు తెప్పించుకుని ఇద్దరు పంచుకుంటామంటే కుదరదు, కూర్చున్న ప్రతి ఒక్కరికీ లెక్క పడుతుంది. అమ్మలాగా తక్కువ తినేవాళ్లకి ఇది కొంచెం బాధగానే ఉంటుంది.

మనం వెజిటేరియన్ అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదు. అక్కడ ఆ మాటలోకి గుడ్డు వచ్చేస్తుంది, ఒక్కోసారి చేప కూడా వస్తుంది. సర్వర్‌కి మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ (జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జిగురు), మాంసం ఉడికించిన నీళ్లు ఇవేవీ వద్దని విడివిడిగా చెప్పాలి. బుకింగ్‌లోనే ఆహార నియమాల దగ్గర రాసి పెట్టాలి. అలా చెబితే కిచెన్‌లోంచి షెఫ్ టేబుల్ దగ్గరికి వచ్చి మాట్లాడతారు. మా దగ్గరికీ వచ్చారు, ఐదు నిమిషాలు ఓపిగ్గా నిలబడి ఏది ఎందులో ఉందో చెప్పారు. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఆయన తనవైపే చూస్తూ మాట్లాడటం ఆవిడకి చాలా నచ్చింది.

అప్పటి మెనూలో మనవాళ్లు చూసుకోవాల్సినవి ఇవి. బ్లూ మూన్ కాలీఫ్లవర్: పూలని పిండిలో ముంచి వేయించి, కారపు సాసు పట్టిస్తారు. మన గోబీ 65కి దూరపు చుట్టం. దానికి తోడొచ్చే బ్లూ చీజ్ వాసన అలవాటు లేనివాళ్లకి వెగటు, అది తీసేయమనండి. పిండిలో గుడ్డుందా అని అడగండి, మాకు అడిగి చెప్పారు. సీజర్ సలాడ్ చూడటానికి ఆకులే, కానీ ఆ డ్రెస్సింగ్‌లో మామూలుగా ఆంకోవీ చేప ఉంటుంది. బుర్రాటా అంటే మెత్తటి తాజా చీజ్, దానికోసం పాలని తోడుపెట్టే రెనెట్ అనే పదార్థం చాలాసార్లు జంతువులదే. ఆ పట్టింపు ఉన్నవాళ్లు దాటేయాలి.

మెయిన్‌లో టెర్రా బొలొనీజ్ అని ఒకటి ఉండేది. ఇందులో మాంసం బదులు మొక్కల నుంచి చేసిందే వేస్తారు. కానీ పాస్తా మీద వేసిన ముద్ద చూడటానికి, నోట్లో పెట్టుకోవడానికి అచ్చం కీమాలాగే ఉంటుంది. నాన్న ముందు వచ్చిన ప్లేటుని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అది మాంసం కాదని తెలిసినా మనసు ఒప్పుకోలేదు. ముట్టని అలవాటు ఏడు పదుల నుంచి ఉన్న మనిషికి అది సహజం. సర్వర్ ఏమీ అనకుండా తీసుకెళ్లి, అమ్మ తీసుకున్న గెలాక్సీ గ్రెయిన్ బౌల్ ఇంకొకటి తెచ్చిచ్చాడు. ధాన్యాలు, కూరముక్కలు, ఆకులు, తేలికైన భోజనం. పెద్దవాళ్లకి మొదటే అది చెప్పేయడం మంచిది. ఉప్పూ కారం చప్పగానే ఉంటాయి, నిమ్మచెక్కలు, హాట్ సాస్ అడిగితే ఇస్తారు. షార్ట్ రిబ్ అని మెనూలో కనిపించేది గొడ్డుమాంసం, తిననివాళ్లు గమనించుకోవాలి. నేను సాల్మన్ చేప తీసుకున్నాను. తోలు కరకరలాడుతూ, లోపల మెత్తగా, చక్కగా కుదిరింది. ఇలాంటి సాల్మన్ అప్పట్లో బయట ముప్ఫై డాలర్లలో దొరికేది, అది వేరే సంగతి.

డిన్నర్‌కి వెళ్లేవాళ్లు డెజర్ట్ దగ్గర జాగ్రత్త. క్యారెట్ కేకులో గుడ్డు ఉంటుంది, మూస్‌లో జెలటిన్ ఉండొచ్చు. గుడ్డు తిననివాళ్లకి సోర్బే (పండ్లరసపు ఐస్) ఒక్కటే నిశ్చింత. లంచ్‌లో డెజర్ట్‌కి వేరే డబ్బులు, మేము తీసుకోలేదు. నీళ్లు ఉచితం, గ్లాసు నిండా ఐస్‌తో వస్తాయి. ఐస్ వద్దని ముందే అనాలి. వేడి నీళ్లు అడిగినా తెచ్చారు.

1:45కి కూర్చున్నాం. స్టార్టర్ ఇరవై నిమిషాలకి, మెయిన్ ఇంకో పాతిక నిమిషాలకి వచ్చాయి. మూడింటికి లేచాం. తినడం అయిపోయాక బిల్లు టేబుల్ మీద పెడతారు, కానీ తరిమినట్టు ఉండదు. ఐదు పది నిమిషాలు కిటికీ చూస్తూ కూర్చున్నాం. బాబుకి బొమ్మల కార్డుల ప్యాకెట్ ఇచ్చారు. వాడికి భోజనం కంటే అదే ఎక్కువ.

చలి గురించి చెప్పాలి. హాలు బాగా చల్లగా ఉంటుంది. ఫ్లోరిడా కదా అని పలచటి చీరతో వచ్చిన అమ్మకి, మా ఆవిడ బ్యాగులో ఉన్న స్వెటర్ గంటసేపు ఒంటిమీదే ఉంది. ఫొటోలకి ఫ్లాష్ ఆపేయండి. ఫ్లాష్ వేస్తే ముఖం తెల్లగా, వెనక భూమి నల్లగా వస్తుంది. ఫోన్‌లో కిటికీ మీద వేలు పెట్టి వెలుతురు సరిచేస్తే భూమి వస్తుంది కానీ ముఖాలు నీడలవుతాయి. రెండూ రావాలంటే, ఇంకో ఫోన్ తెరని తెల్లగా వెలిగించి పక్కనుంచి ముఖాల మీద పడేలా పట్టుకుంటే చాలు. మా ఆవిడ చేసిన ఈ ఉపాయంతోనే మా ఐదుగురి ఫొటో కుదిరింది.

బిల్లు: నలుగురికి 220, బాబుకి 29, మొత్తం 249. దాని మీద ఆరున్నర శాతం పన్ను, పదహారు డాలర్ల చిల్లర. టిప్పు 18 శాతం లెక్కన 45. మొత్తం 310 డాలర్లు. ఆరుగురు, అంతకు మించి ఉంటే టిప్పు బిల్లులోనే కలిపేస్తారు. చూసుకోకుండా మళ్లీ ఇవ్వకండి. ఇదే డిన్నర్ అయితే 430 దాకా అయ్యేది. ఒక డెజర్ట్ కోసం 120 డాలర్లు ఎక్కువ. కిటికీ మాత్రం అదే. లంచ్ దొరక్కపోతే తప్ప డిన్నర్‌కి వెళ్లమని నేను చెప్పను. నాన్న ఫోన్‌లో లెక్కవేసి “ఇరవై మూడు వేలు” అన్నారు, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి బిల్లు చూపించకండి, యాప్‌లో కార్డు పెట్టి ఉంచితే వాళ్ల కంట పడకుండా కట్టేయొచ్చు. సాయంత్రం హోటల్‌కి వచ్చాక ఆయనే తెనాలిలో పెదనాన్నకి వీడియో కాల్ చేసి, కింద ఫ్లోరిడా ఎలా కనిపించిందో పావుగంట వర్ణించారు.

తిరిగి వచ్చేటప్పుడు కూడా స్టెల్లర్‌వేటరే, ఈసారి దిగుడు. బాత్‌రూమ్ పని ఉంటే పైన హాల్లోనే ముగించుకుని రండి. కిందికి దిగాక మళ్లీ లోపలికి వెళ్లలేరు.

బయటికి రాగానే పక్కనే మిషన్ స్పేస్ పిలుస్తుంటుంది, పిల్లలు అటే లాగుతారు. అందులో ఆరెంజ్ వైపు నిజంగానే యంత్రం గిర్రున తిప్పుతుంది, భోజనం చేసిన కడుపుతో అది ఎక్కకూడదు. గ్రీన్ వైపు తిప్పుడు ఉండదు. గ్రీన్‌కి 40 అంగుళాల ఎత్తు, ఆరెంజ్‌కి 44 అంగుళాలు ఉండాలి. ఆరెంజ్ ఎక్కాలని ఉంటే భోజనానికి ముందే, పొద్దున్నే ఎక్కేసి రండి. మేము గ్రీన్ ఎక్కాం, అమ్మానాన్నలు బయట బెంచీ మీద కూర్చున్నారు.